యాక్టివేషన్ దగ్గర ఆగిపోయిన సాఫ్ట్‌వేర్: కోడ్ చదివి కారణం పట్టుకునే పద్ధతి

డబ్బు కట్టి, బిల్లు తీసుకుని కొన్న సాఫ్ట్‌వేర్ ఉన్నట్టుండి యాక్టివేట్ చేయమని అడిగితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆ కోపంలో చాలామంది అదే ప్రొడక్ట్ కీని, అంటే కొన్నప్పుడు ఇచ్చిన అక్షరాల సంకేతాన్ని, మళ్లీ మళ్లీ కొట్టి చూస్తారు. అదీ కుదరకపోతే యూట్యూబులో మొదట కనిపించిన చిట్కాను పాటిస్తారు. మొదటి పనివల్ల కాలం వృథా అవుతుంది, రెండో పనివల్ల అసలు కారణాన్ని పట్టించే ఆనవాళ్లే చెరిగిపోతాయి. నిజానికి యాక్టివేషన్ విఫలమైనప్పుడు కంప్యూటర్ తనకు ఎక్కడ అడ్డం వచ్చిందో ఒక కోడ్ రూపంలో చెబుతూనే ఉంటుంది. ఆ కోడ్‌ను చదవడం, మీ దగ్గరున్న లైసెన్స్ ఏ రకానిదో తెలుసుకోవడం అనే రెండు పనులు ముందుగా చేస్తే, కీని ముట్టుకోవలసిన అవసరం చాలా సందర్భాలలో రానే రాదు.

ఇళ్లలో, దుకాణాలలో, జిరాక్స్ సెంటర్లలో ఎక్కువగా కనిపించేది విండోస్ కాబట్టి ఇక్కడ దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను. ఆఫీస్, లెక్కలు రాసే ట్యాలీల సంగతి ఆ తర్వాత వస్తుంది.

మొదట కోడ్, ఆ తర్వాతే కీ

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్‌లోకి వెళ్లి, యాక్టివేషన్ అన్న వరుసను నొక్కాలి. విండోస్ 10లో అదే పుట అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది. అక్కడ మీ విండోస్ ఎడిషన్ పేరు (హోమ్, ప్రో వంటి రకం), యాక్టివేషన్ స్థితి, లోపం ఉంటే దాని కోడ్ కనిపిస్తాయి. ఆ పుటను ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి, ఎందుకంటే తర్వాత మీరు ఎవరిని సంప్రదించినా వారు మొదట అడిగేది ఈ మూడే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది కాబట్టి యాక్టివేషన్ కూడా పోయిందేమోనని కొందరు భయపడుతున్నారు. ఆ రెండింటికీ సంబంధం లేదు. మద్దతు ముగియడమంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోవడమే తప్ప, సక్రమంగా యాక్టివేట్ అయిన లైసెన్స్ చెల్లకుండా పోవడం కాదు.

లైసెన్స్‌కు సంబంధించిన కోడ్‌లలో అధిక భాగానికి మొదటి ముక్క 0ఎక్స్‌సీ004 అని ఒకేలా ఉంటుంది. అందువల్ల వాటిని ఇక్కడ చివరి నాలుగు అక్షరాలతోనే ప్రస్తావిస్తాను; ఎఫ్211 అని నేను రాసినచోట మీ తెర మీద 0ఎక్స్‌సీ004ఎఫ్211 అని ఉంటుందని గ్రహించగలరు.

కోడ్‌తో పాటు ఇంకొక్క ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకోవాలి: ఈ సమస్య రావడానికి ముందు ఏం మారింది? కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించారా, సర్వీసు సెంటరులో మదర్‌బోర్డు మార్చారా, ఆఫీసు ల్యాప్‌టాప్‌ను నెలల తరబడి ఇంట్లోనే వాడుతున్నారా, లేక ఏమీ చేయకుండానే వచ్చిందా? ఏమీ మారలేదని మొదట చెప్పిన వారే, కాస్త ఆలోచించాక, క్రితం వారం స్లోగా ఉందని ఎవరో కుర్రాడు చూసి వెళ్లాడని గుర్తు చేసుకోవడం మామూలే.

గడియారం, నెట్‌వర్క్

చిన్న కారణాలను ముందు తొలగించుకోవడం మేలు. యాక్టివేషన్ సమయంలో మీ కంప్యూటర్ మైక్రోసాఫ్ట్ సర్వరుతో భద్రమైన అనుసంధానం ఏర్పరచుకుంటుంది. అందుకు వాడే సర్టిఫికెట్‌కు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. మీ గడియారం 2015లోనో 2009లోనో ఉంటే ఆ సర్టిఫికెట్ చెల్లనిదిగా కనిపించి, 0ఎక్స్80072ఎఫ్8ఎఫ్ అనే కోడ్ వస్తుంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ కింద తేదీని, సమయాన్ని సరిచేసి, టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అన్న వరుసలో ఉందో లేదో చూసి, సింక్ నౌ నొక్కితే సరిపోతుంది. అయితే డెస్క్‌టాప్‌ను ఆపి మళ్లీ వేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే తప్పు విండోస్‌ది కాదు. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోయింది. ఏ వాచీల షాపులోనైనా దొరికే ఆ బ్యాటరీని మార్చకుండా యాక్టివేషన్ కోసం ఎంత తంటాలు పడినా మర్నాటికి కథ మొదటికే వస్తుంది.

ఎఫ్‌సీ03 అనే కోడ్ వస్తే ఇంటర్నెట్ లేదనో, ఫైర్‌వాల్ అడ్డుపడుతోందనో అర్థం. బ్రౌజరులో పేజీలు తెరుచుకుంటున్నాయి కదా అని ఇక్కడ వాదించి లాభం లేదు. హాస్టల్, కాలేజీ వైఫైలలో కొన్ని సర్వర్లకు మాత్రమే దారి ఇస్తారు; వీపీఎన్, ప్రాక్సీ, కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఇలాగే అడ్డుకుంటాయి. వీటిని ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోవడం కంటే ముందు ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి, వీపీఎన్ ఆపి, మళ్లీ ప్రయత్నించడం సులభమైన పరీక్ష. హాట్‌స్పాట్ మీద పని జరిగితే లోపం ఆ వైఫైలోనే ఉన్నట్టు తేలిపోతుంది.

ఆ కంప్యూటర్‌లో ఎప్పుడైనా క్రాక్ చేసిన, అంటే లైసెన్స్ లేకుండానే నడిచేలా మార్చిన, సాఫ్ట్‌వేర్ వాడి ఉంటే ఇంకొకచోట కూడా చూడాలి. సీ డ్రైవులో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ అనే ఫోల్డర్ల వరుసలో హోస్ట్స్ అనే చిన్న ఫైలు ఉంటుంది. క్రాక్ చేసే ప్రోగ్రాములు కంపెనీ సర్వర్ల పేర్ల ముందు 127.0.0.1 అనో 0.0.0.0 అనో రాసి, ఆ సర్వర్లకు దారి మూసేస్తాయి. పాత క్రాక్‌ను తీసేసి అసలైన లైసెన్స్ కొన్నాక కూడా ఆ వరుసలు అలాగే మిగిలిపోయి, కొన్నదాన్ని పనిచేయనీయవు. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి, ఆ ఫైలులో సంబంధిత కంపెనీ పేరున్న వరుసలను తొలగించి భద్రపరచాలి. ముందు చౌర్యం, తర్వాత కొనుగోలు జరిగిన కంప్యూటర్లలో, ముఖ్యంగా ఫొటో స్టూడియోల వాళ్ల దగ్గర, నేను మొదట వెతికేది ఇక్కడే.

మీ లైసెన్స్ ఏ రకానిది?

కస్టమర్ల విసుగులో సగం ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోవడం వల్లే పుడుతుంది. విండోస్ కీ బొమ్మ ఉన్న మీటను, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కితే రన్ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఎస్, ఎల్, ఎమ్, జీ, ఆర్ అనే అయిదు ఇంగ్లీషు చిన్న అక్షరాలను కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, ప్రశ్నార్థకం ఉన్న మీట మీదే ఉండే వాలుగీత పెట్టి, దాని వెంటనే డీ, ఎల్, ఐ అని రాసి ఎంటర్ నొక్కండి. రెండు మూడు క్షణాల్లో ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో డిస్క్రిప్షన్ అన్న వరుస చివర ఛానల్ పేరు, అంటే లైసెన్స్ ఏ దారిన వచ్చిందో చెప్పే మాట, దాని కింద మీ కీలోని చివరి అయిదు అక్షరాలు ఉంటాయి.

ఛానల్ ఓఈఎమ్ అని ఉంటే అది ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన లైసెన్స్. విండోస్ 8 కాలం నుంచి పెద్ద కంపెనీల ల్యాప్‌టాప్‌లలో కీని మదర్‌బోర్డు మీది చిప్‌లోనే రాసి పంపుతున్నారు. అందుకే ఈ మధ్య వచ్చిన ల్యాప్‌టాప్‌ల అడుగున పాతకాలపు కీ స్టిక్కరు కనిపించదు. ఈ లైసెన్స్ ఆ యంత్రంతోనే పుట్టి దానితోనే పోతుంది, వేరే కంప్యూటర్‌కు మార్చడానికి వీలుండదు. రిటైల్ అని ఉంటే అది మీరు విడిగా కొన్నది, లేదా ఉచిత అప్‌గ్రేడ్ ద్వారా డిజిటల్ లైసెన్స్‌గా మారినది. విడిగా కొన్నదాన్ని పాత కంప్యూటర్‌లో తీసేసి కొత్తదానిలో పెట్టుకోవచ్చు. వాల్యూమ్ అని ఉంటే అది కంపెనీలకు, కాలేజీలకు, ప్రభుత్వ కార్యాలయాలకు మొత్తంగా ఇచ్చే లైసెన్స్. సొంత డబ్బుతో కొన్న ఇంటి కంప్యూటర్‌లో వాల్యూమ్ అన్న మాట కనిపించిందంటే మీకు అమ్మినవాడిని నిలదీయవలసిందే.

ఇదే పరీక్షను మరో విధంగా కూడా చేయవచ్చు. పైన చెప్పిన ఆదేశంలో చివరి మూడు అక్షరాల స్థానంలో ఎక్స్, పీ, ఆర్ అని రాస్తే, సక్రమమైన ఓఈఎమ్, రిటైల్ లైసెన్స్‌లకు శాశ్వతంగా యాక్టివేట్ అయినట్టు జవాబు వస్తుంది. దానికి బదులు ఫలానా తేదీన గడువు తీరుతుందని వస్తే, మీ విండోస్ కేఎమ్ఎస్ అనే పద్ధతిలో నడుస్తోంది. సంస్థలలో వాడే ఈ పద్ధతిలో యాక్టివేషన్ 180 రోజులు చెల్లుతుంది. బస్సు పాసులాగా గడువు తీరేలోపు సంస్థ సర్వరును పలకరించి పొడిగించుకోవాలి. క్రాక్ ప్రోగ్రాములు అనుకరించేది కూడా దీన్నే. షాపులో ఒరిజినల్ అని చెప్పి వేసిన విండోస్ ఆరు నెలలకు మళ్లీ మొరాయించిందంటే కారణం సాధారణంగా ఇదే అయి ఉంటుంది.

చివరి అయిదు అక్షరాల గురించి ఒక మాట చెప్పుకోవాలి. చాలామంది ప్రో వాడేవారికి అక్కడ 3వీ66టీ అనీ, హోమ్ వాడేవారికి 8హెచ్‌వీఎక్స్7 అనీ కనిపిస్తుంది. పక్కింటివారి కంప్యూటర్‌లోనూ అదే చూసి, తమకు దొంగ కీ అంటగట్టారని కంగారు పడేవారున్నారు. డిజిటల్ లైసెన్స్ ఉన్న కంప్యూటర్లలో విండోస్ తనంతట తాను పెట్టుకునే సాధారణ కీలు ఇవి. అసలు హక్కు మీ యంత్రం గుర్తులతో ముడిపడి మైక్రోసాఫ్ట్ సర్వర్లలో ఉంటుంది కాబట్టి, ఈ అక్షరాలు అందరికీ ఒకటే కావడంలో తప్పేమీ లేదు.

మదర్‌బోర్డు మారాక వచ్చే ఎఫ్211

డిజిటల్ లైసెన్స్ కంప్యూటర్ భాగాల వివరాలతో ముడిపడి ఉంటుంది. ర్యామ్ పెంచినా, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేసినా సాధారణంగా ఇబ్బంది రాదు. మదర్‌బోర్డు మారితే మాత్రం సర్వరు దృష్టిలో అది కొత్త కంప్యూటరే. అప్పుడు ఎఫ్211 గానీ, 0ఎక్స్803ఎఫ్7001 గానీ వస్తుంది. ఈ పరికరానికి లైసెన్స్ కనిపించలేదని దాని భావం.

రిటైల్ లైసెన్స్ అయితే, భాగాలు మార్చకముందే దాన్ని మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో జోడించి ఉంటే పని సులువు. అడ్మినిస్ట్రేటరు హక్కులున్న యూజరుగా లాగిన్ అయి, యాక్టివేషన్ పుటలో ట్రబుల్‌షూట్ నొక్కి, ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చానన్న ఎంపికను ఎంచుకుని, ఆ ఖాతాతో సైన్ ఇన్ అయితే, మీ పేరు మీదున్న పరికరాల జాబితా వస్తుంది. అందులో పాత పేరుతో ఉన్న మీ కంప్యూటర్‌ను గుర్తించి, ఇప్పుడు వాడుతున్నది ఇదేనని టిక్ పెట్టి యాక్టివేట్ నొక్కాలి. జాబితాలో డెస్క్‌టాప్ అన్న మాట తర్వాత అర్థం కాని అక్షరాలతో పేర్లుంటాయి కాబట్టి ఏది మీదో పోల్చుకోవడం కష్టమే; అందుకే రిపేరుకు ఇచ్చేముందు కంప్యూటర్ పేరును రాసి పెట్టుకోవడం మంచిది. ఖాతాతో ముందే జోడించారా లేదా అన్నది యాక్టివేషన్ పుటలోనే తెలుస్తుంది. డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయిందన్న వాక్యం చివర మీ మైక్రోసాఫ్ట్ ఖాతాకు జోడించబడింది అన్న భావం వచ్చే మాటలుంటే జోడించినట్టే.

ల్యాప్‌టాప్ విషయం వేరు. వారంటీలో ఉండగా కంపెనీ అధీకృత సర్వీసు సెంటరులో లోపమున్న మదర్‌బోర్డు మార్చితే, కొత్త బోర్డులో కీ ఉండేలా చూడవలసిన బాధ్యత వారిదే. యంత్రాన్ని తీసుకునేముందు అక్కడే ఆన్ చేయించి యాక్టివేషన్ పుట చూసుకోండి. బయట షాపులో ఎవరో వాడిన బోర్డు తెచ్చి వేయిస్తే మాత్రం మీ కీ తీసేసిన బోర్డుతోనే పోయింది. రిపేరు ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు కొత్త లైసెన్స్ ధరను కూడా కలుపుకోవాలని ఏ మెకానిక్కూ ముందు చెప్పడు.

ప్రో వేసిన షాపు, ఎఫ్210 చెప్పే నిజం

మన దగ్గర అమ్మే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వచ్చేది విండోస్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్. ఫార్మాట్‌కు ఇచ్చినప్పుడు షాపువాళ్లు తమ పెన్‌డ్రైవులో ఉన్న ప్రోను ఎక్కించి పంపుతారు. ప్రో అంటే హోమ్ కంటే మెరుగైనదనీ, కస్టమర్‌కు మేలే చేశామనీ వారి నమ్మకం. కానీ చిప్‌లో ఉన్న కీ హోమ్ సింగిల్ లాంగ్వేజ్‌ది కాబట్టి అది ప్రోకు చెల్లదు. ఎఫ్210 అనే కోడ్‌కు అర్థం ఇదే: మీ లైసెన్స్ ఒక ఎడిషన్‌ది, ఎక్కించినది ఇంకొకటి. ఈ స్థితిలో చాలామంది కొత్తగా ప్రో కీ కొనడానికి సిద్ధపడతారు. ప్రోలో ఉండే బిట్‌లాకర్ నిర్వహణ, రిమోట్ డెస్క్‌టాప్ వంటి సదుపాయాలు నిజంగా అవసరమైతే తప్ప ఆ ఖర్చు దండగ.

సరైన మార్గం మీ డేటాను బయట భద్రపరచుకుని, మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటు నుంచే మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, కనీసం 8 జీబీ ఉన్న ఖాళీ పెన్‌డ్రైవు మీద ఇన్‌స్టలేషన్ తయారు చేసుకుని, దానితో మళ్లీ విండోస్ ఎక్కించడం. చిప్‌లో కీ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టలేషన్ ఆ కీని తానే చదువుకుని, మిమ్మల్ని ఏమీ అడగకుండానే సరైన ఎడిషన్‌ను ఎంచుకుంటుంది. ఇంటర్నెట్ తగిలిన కాసేపటికి యాక్టివేషన్ దానంతటదే జరిగిపోతుంది. సింగిల్ లాంగ్వేజ్ అన్న పేరు చూసి తెలుగు టైపింగ్ ఉండదేమోనని కొందరు వెనకాడతారు. ఆ పరిమితి మెనూలు కనిపించే భాషకే వర్తిస్తుంది. తెలుగు కీబోర్డును ఎప్పటిలాగే చేర్చుకోవచ్చు.

అసలు లైసెన్స్ ప్రోదే అయి ఉండి, ఏమీ మార్చకపోయినా ఎడిషన్ తేడా ఉందని చెప్పిన సందర్భాలు కూడా లేకపోలేదు. 2018 నవంబరు 8న మైక్రోసాఫ్ట్ యాక్టివేషన్ సర్వర్లలో వచ్చిన లోపంవల్ల విండోస్ 10 ప్రో వాడుతున్న అనేకమందికి మీ లైసెన్స్ హోమ్‌ది అన్న సందేశం వచ్చింది. కంపెనీ తన వైపు సరిదిద్దాక ఆ కంప్యూటర్లు మళ్లీ మామూలు స్థితికి వచ్చాయి. ఏ మార్పూ చేయని కంప్యూటర్‌లో హఠాత్తుగా లోపం వస్తే ఒక రోజు ఆగి, యాక్టివేషన్ పుటలోని ట్రబుల్‌షూట్‌ను మళ్లీ నడిపి చూడడం వివేకం. ఆ ఒక్కరోజులో ఫార్మాట్ చేసి, లేని సమస్యను తెచ్చుకోనక్కరలేదు.

కీలోనే తప్పుంటే

ఎఫ్050 వస్తే మీరు కొట్టిన కీని విండోస్ గుర్తించలేదు. ముందుగా కీని సరిగ్గా చదివారో లేదో చూడండి. విండోస్ కీలో అయిదేసి అక్షరాల చొప్పున అయిదు గుంపులు, మొత్తం 25 అక్షరాలు ఉంటాయి. పొరపాట్లు తగ్గాలని ఇందులో ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే అచ్చులనూ, ఎల్, ఎస్, జెడ్ అనే అక్షరాలనూ, 0, 1, 5 అనే అంకెలనూ అసలు వాడరు. కాబట్టి మీకు సున్నాలా, ఓలా కనిపించేది డీ గానీ క్యూ గానీ అయి ఉంటుంది. 5 అనో ఎస్ అనో చదివినదానిని మళ్లీ భూతద్దంతో చూడవలసిందే. బీకీ 8కీ, జీకీ 6కీ మాత్రం రెండూ వాడుకలో ఉన్నందువల్ల తికమక తప్పదు. పాత డెస్క్‌టాప్‌ల స్టిక్కర్లు అరిగిపోయినప్పుడు టార్చిని పక్కనుంచి వాలుగా వేసి ఫోనుతో ఫొటో తీసి, దాన్ని పెద్దది చేసి చూస్తే అక్షరాలు కొంతవరకు తేరుకుంటాయి.

సీ008 అంటే ఆ కీని అనుమతించినదాని కంటే ఎక్కువ కంప్యూటర్లలో వాడారని. రిటైల్ కీని పాత కంప్యూటర్‌లో అలాగే వదిలేసి కొత్తదానిలో పెడితే ఇది వస్తుంది. ముందు పాతదానిలో తొలగించాలి. అందుకు ఎస్ఎల్ఎమ్‌జీఆర్ ఆదేశాన్నే అడ్మినిస్ట్రేటరుగా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టి, చివరి అక్షరాలను యూ, పీ, కే అని మార్చాలి. సీ020 అంటే సంస్థలకిచ్చే బహుళ వాడకపు కీకి ఉన్న పరిమితి అయిపోయిందని. సీ003 అంటే ఆ కీని కంపెనీ నిరోధించింది. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందల రూపాయలకు అమ్మే కీలకు చివరికి పట్టే గతి సాధారణంగా ఈ చివరి రెండింటిలో ఒకటి. ఏదో సంస్థ వాల్యూమ్ కీని వందలమందికి ముక్కలుగా అమ్మి ఉంటారు; కొన్న రోజున పనిచేసి, ఆ తర్వాత ఎప్పుడో ఆగిపోతుంది. నిరోధించిన కీని బాగుచేసే దారి కస్టమర్ చేతిలో లేదు. చేయగలిగినది అమ్మినవారి నుంచి డబ్బు రాబట్టుకోవడమే. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఎఫ్074 గానీ, 0ఎక్స్8007232బీ గానీ వస్తే మీ కంప్యూటర్ సంస్థ సర్వరు కోసం వెతికి కనుక్కోలేకపోతోందని అర్థం. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఆఫీసు వీపీఎన్‌కు కలిపి కొద్దిసేపు ఉంచండి; ఇంటి నుంచి పనిచేస్తూ ఆరు నెలలకు పైగా ఆ నెట్‌వర్క్‌ను తాకని యంత్రాలకు ఇది సహజంగా వచ్చేదే. అప్పటికీ కాకపోతే మీ ఐటీ విభాగానికి చెప్పాలి తప్ప, ఆఫీసు యంత్రంలో సొంత కీ పెట్టకూడదు. సొంత కంప్యూటర్‌లో ఇదే కోడ్ వస్తే మీకు వేసినది సంస్థల విండోస్ లేదా క్రాక్.

ఆఫీస్ ఎవరి ఈమెయిలుతో ముడిపడింది?

వర్డ్, ఎక్సెల్‌ల పైభాగాన లైసెన్స్ లేని ఉత్పత్తి అన్న పట్టీ వచ్చినప్పుడు ఫైళ్లను తెరవడానికి, ప్రింట్ తీయడానికి వీలుంటుంది గానీ మార్చడానికి వీలుండదు. ఆఫీస్ 2021 వంటి ఒకసారి కొనే రకాలకైనా, మైక్రోసాఫ్ట్ 365 వంటి చందా రకాలకైనా కీని మొదటిసారి వాడగానే అది ఒక మైక్రోసాఫ్ట్ ఖాతాకు చేరిపోతుంది. ఆ తర్వాత ఆ కీతో పనిలేదు, ఆ ఖాతాతో సైన్ ఇన్ కావడమే యాక్టివేషన్. ఈ సంగతి తెలియక కీనే పదేపదే కొట్టి, ఇది ఇప్పటికే వాడారన్న జవాబు చూసి మోసపోయామనుకుంటారు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ల్యాప్‌టాప్ కొన్న రోజున షాపులోని అబ్బాయి తొందరలో తన ఈమెయిలుతోనో, అప్పటికప్పుడు పుట్టించిన ఈమెయిలుతోనో సెటప్ పూర్తి చేస్తాడు. ఆఫీస్ ఆ ఖాతాకు పోతుంది. కాబట్టి ముందుగా వర్డ్ తెరిచి, ఫైల్ మెనూలోని అకౌంట్‌లో ఏ ఈమెయిలు ఉందో చూడండి. తర్వాత ఇంట్లో అందరి ఈమెయిలు ఖాతాలతోనూ ఒక్కొక్కటిగా మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటులో సైన్ ఇన్ అయి, సర్వీసెస్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ పుటలో కొన్న ఆఫీస్ ఎవరి దగ్గర ఉందో వెతకాలి. ఎవరి దగ్గరా లేకపోతే బిల్లు పట్టుకుని షాపుకు వెళ్లి, ఆ ఖాతా వివరాలు అడిగి తీసుకుని, పాస్‌వర్డ్, రికవరీ ఫోను నంబరు మీవిగా మార్చుకోవాలి.

ఖాతా సరైనదే అయినా పట్టీ పోకపోతే, కంట్రోల్ ప్యానెల్‌లో రెండు ఆఫీస్‌లు ఉన్నాయేమో చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ 365 ట్రయల్ ముందే ఉంటుంది. దాని గడువు ముగిశాక, కొన్న ఆఫీస్ పక్కనే ఉన్నా ట్రయల్ తాలూకు హెచ్చరికలే వస్తుంటాయి. వాడని దాన్ని తీసేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, మళ్లీ సైన్ ఇన్ కావాలి. 365 చందాదారులు ఒకేసారి అయిదు పరికరాలలో సైన్ ఇన్ అయి ఉండవచ్చు. ఆ హద్దు దాటితే వెబ్‌సైటులోని జాబితా నుంచి పాత ఫోన్లను, అమ్మేసిన ల్యాప్‌టాప్‌ను సైన్ అవుట్ చేయాలి.

ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పోతే

ఈ సమస్య సాధారణంగా నెల 20వ తేదీకి ముందు, జీఎస్‌టీఆర్ 3బీ అనే నెలవారీ జీఎస్‌టీ రిటర్ను వేసే హడావుడిలో బయటపడుతుంది. ట్యాలీప్రైమ్ లైసెన్స్‌ను గుర్తించలేకపోతే ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకుని, నెలలో 1, 2, 31 తేదీల వోచర్లను తప్ప నమోదు చేయనివ్వదు. డేటా పోలేదు, దాని గురించి భయపడనక్కరలేదు.

లైసెన్స్ ఉన్న కంప్యూటర్‌లోనే ఇది వస్తే, రన్ పెట్టె ద్వారా సర్వీసెస్ జాబితా తెరిచి, ట్యాలీ గేట్‌వే సర్వర్ అన్నది నడుస్తోందో లేదో చూసి, ఆగి ఉంటే మళ్లీ ప్రారంభించండి. గోల్డ్ లైసెన్స్‌తో అనేక కంప్యూటర్లు నడిచేచోట, లైసెన్స్ ఉన్న సర్వరు కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి. దాని ఫైర్‌వాల్‌లో ఈ సర్వీసు వాడే పోర్టుకు, మామూలుగా అది 9999, అనుమతి ఉండాలి. యాంటీవైరస్ అప్‌డేట్ అయిన మర్నాడు మిగతా కంప్యూటర్లన్నీ ఎడ్యుకేషనల్‌లోకి పోయాయంటే ముందు అనుమానించవలసింది ఈ పోర్టునే.

కంప్యూటర్ మార్చేటప్పుడు తప్పనిసరిగా గుర్తుంచుకోవలసిన మాట సరెండర్. పాతదానిలో ఎఫ్1 నొక్కి, సెట్టింగ్స్‌లోని లైసెన్స్ కింద సరెండర్ చేశాకే ఫార్మాట్‌కు ఇవ్వాలి, ఆ తర్వాత కొత్తదానిలో సీరియల్ నంబరుతో యాక్టివేట్ చేసుకోవాలి. హార్డ్ డిస్క్ హఠాత్తుగా పోయి సరెండర్ చేసే అవకాశమే లేకపోతే, లైసెన్స్‌కు నమోదైన అడ్మినిస్ట్రేటరు ఈమెయిలు ద్వారా గానీ, మీ ట్యాలీ పార్ట్‌నర్ ద్వారా గానీ పాత యాక్టివేషన్‌ను రీసెట్ చేయించుకోవాలి. ఆ ఈమెయిలు పాత అకౌంటెంటుదో, మానేసిన ఉద్యోగిదో అయి ఉండడం చిన్న వ్యాపారాలలో తరచూ చూసేదే. యజమాని ఈమెయిలును అడ్మినిస్ట్రేటరుగా పెట్టించడం ఇవాళే చేయదగిన పని.

సపోర్టుకు ఫోన్ చేసేముందు

విండోస్ ల్యాప్‌టాప్‌తో వచ్చినదైతే ఆ ల్యాప్‌టాప్ కంపెనీని, విడిగా కొన్నదైతే విండోస్‌లోనే ఉండే గెట్ హెల్ప్ యాప్ ద్వారా మైక్రోసాఫ్ట్‌ను సంప్రదించాలి. కోడ్, ఎడిషన్, ఛానల్ పేరు, కీలోని చివరి అయిదు అక్షరాలు, యంత్రం సీరియల్ నంబరు, కొన్న బిల్లు, ఏం మారిందన్న మీ జవాబు ఇవన్నీ ఒక కాగితం మీద ఉంటే సంభాషణ తొందరగా ముగుస్తుంది. ఒకరి తర్వాత ఒకరికి కథంతా మళ్లీ చెప్పడమే మనిషిని ఎక్కువగా విసిగిస్తుంది. మొదటి వాక్యంలోనే కోడ్, ఛానల్ చెప్పి, కేసు నంబరు అడిగి రాసుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. పూర్తి కీని వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి.

ఫోన్ నంబరును సెర్చ్‌లో వెతకడం ప్రమాదం. కస్టమర్ కేర్ అన్న పేరుతో మోసగాళ్లు పెట్టిన నంబర్లు అక్కడ ఉంటాయి. వారు రిమోట్ యాప్ వేయించి, పది రూపాయల రిజిస్ట్రేషన్ అంటూ బ్యాంకు వివరాలు రాబడతారు. మైక్రోసాఫ్ట్ తన లోపం సందేశాలలో ఫోన్ నంబరు పెట్టదు కాబట్టి, నంబరుతో కూడిన హెచ్చరిక తెర మీద వస్తే అది మోసమే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

అమ్మినవారు చెల్లని కీ ఇచ్చి ముఖం చాటేస్తే, ముందు ఆ షాపింగ్ సైటులోనే గడువులోపు రిటర్న్ లేదా ఫిర్యాదు నమోదు చేయండి. దానితో కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, తెలుగులోనే చెప్పుకోవచ్చు. బిల్లు, అమ్మకందారు పేరుతో ఉన్న ఆర్డరు పుట, సీ003 కోడ్ కనిపిస్తున్న తెర ఫొటో ఈ మూడూ జతచేయండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం జిల్లా కమిషన్‌కు వెళ్లవలసి వచ్చినా పనికివచ్చే ఆధారాలు ఇవే.